చచ్చిపోయిందని నేను చెప్పిన చుక్క

ఈమధ్య టీచర్ ట్రైనింగు పూర్తిచేసిన ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చి, ‘సార్, ఇన్నేళ్లు సైన్సు చెప్పారు కదా, మాకేమైనా చెప్పండి’ అని అడిగింది. టీ తాగేలోపు చెప్పదగ్గది ఏదీ తోచలేదు. ఆమె వెళ్లిపోయాక తోచింది. అది సంతోషకరమైన విషయం కాదు. అయినా రాస్తున్నాను. ఈ ఉద్యోగం గురించి సంతోషంగా రాసేవాళ్లు ఎటూ చాలామంది ఉన్నారు.

ఎప్పుడు ఎక్కడికి బదిలీ అయింది, ఎవరు సన్మానం చేశారు, పింఛను కాగితాలు ఎన్నాళ్లు తిరిగాయి అన్నవి రాయను. అవి అందరికీ ఒకేలా జరుగుతాయి. నక్షత్రాల పాఠం గురించి మాత్రం రాస్తాను. పుస్తకంలో అది ఆరేడు పేజీలు ఉండేది. నా జీవితం మీద మిగతా పుస్తకం మొత్తానికీ లేని బరువు ఆ పేజీలకుంది.

నాగర్‌కర్నూలులో సితారాలు

మాది పెద్దమందడి పక్కన ఒక ఊరు. జొన్నలు, ఆముదాలు పండే నేల. వాన పడితే తింటాం, లేకపోతే లేదు. మా ఇంట్లో బడికి పోయినవాణ్ణి నేనొక్కణ్ణే. అది నిజాం కాలం కాబట్టి చదువంతా ఉర్దూలోనే. నేను నేర్చుకున్నది ఉర్దూలో, నాగర్‌కర్నూలులో మొదటిసారి పంతులుగా నిలబడి చెప్పిందీ ఉర్దూలోనే.

పిల్లలు బాగా అప్పజెప్పేవారు. సితారా అంటే ఏమిటి, సూర్యుడు కూడా ఎలా ఒక సితారాయే, అన్నీ తడుముకోకుండా చెప్పేవారు. నాకు గర్వంగా ఉండేది. ఒకరోజు ఎందుకో తెలుగులో అడిగాను.

‘అరేయ్, సితారా అంటే ఏందిరా?’

కల్వకుర్తి వైపు నుంచి వచ్చిన పిల్లవాడు లేచి, ‘పుస్తకంల ఉంటది సారూ’ అన్నాడు.

‘బయట ఉండదా?’

‘తెల్వదు సారూ. మా ఊర్ల అయితే ఎన్నడు సూడలె.’

వాడు రోజూ ఆరుబయట చుక్కల కింద పడుకునే పిల్లవాడే. నాకు నవ్వొచ్చింది, ఆ తర్వాత పుస్తకం మూసేశాను. ఆనాటి నుంచి ప్రతి పాఠమూ రెండుసార్లు చెప్పేవాణ్ణి. ఒకసారి ఇన్‌స్పెక్టరు కోసం ఉర్దూలో, ఒకసారి పిల్లల కోసం ఇంటి మాటల్లో. ఇన్‌స్పెక్టరు గుర్రబ్బండి చప్పుడు వినిపిస్తే చుక్క మధ్యలోనే సితారా అయిపోయేది. పిల్లలకు ఇది మంచి ఆటలా ఉండేది.

దీనివల్ల నాకు పేరొచ్చింది. బజార్లో కూడా ఆపి ‘సారూ, గ్రహణం ఎందుకు పడ్తది’ అని అడిగేవారు. అర్థమయ్యేటట్టు చెప్పేవాణ్ణి. అర్థమయ్యేటట్టు చెప్పడమే ఈ వృత్తి అని నమ్మాను. ఆ నమ్మకం నా కొంప ముంచలేదు. మునిగింది ఇంకొకరి కొంప.

వనపర్తిలో ఎర్రచుక్క

వనపర్తిలో నా హెడ్మాస్టరు కరీం సాబ్. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ఎండాకాలంలో కూడా షేర్వానీ గుండీలు పెట్టుకునేవాడు. ఆయన దగ్గర ఒక ఇత్తడి దుర్భిణి ఉండేది. చలికాలం సాయంత్రాలు పొద్దు గూకగానే బడి మిద్దె మీదికి రమ్మనేవాడు. నేను చేసిన ఉద్యోగంలో హాయిగా గడిచిన గంటలు ఏవైనా ఉంటే అవే.

ఆర్ద్ర నక్షత్రాన్ని ఆయనే నాకు మొదట చూపించాడు. ఎర్రగా, పొయ్యిలోని నిప్పులా కనిపించింది. ‘ఇది ఇంకా బచ్చా, మాస్టర్. పెద్దగ, ఎర్రగ పుడ్తది. పెరిగిన కొద్ది కుదించుకపోయి తెల్లగ అయితది. కితాబుల గట్లనే ఉంది’ అన్నాడు. నేనూ అలాగే చెప్పాను, ఎన్నో తరగతులకు.

ఆర్ద్ర పసిది కాదు, ముసలిది అని ఇప్పుడు అంటున్నారు. సూర్యుడి కంటే ఎన్నో రెట్లు బరువున్న చుక్క తన ఇంధనం చాలావరకు తగలేసుకున్నాక అలా ఉబ్బి ఎర్రబడుతుందట. చుక్క బతుకంతా ఒక తోపులాట. లోపలి వేడి బయటికి నెడుతుంది, సొంత బరువు లోపలికి నొక్కుతుంది. అంత బరువున్న చుక్క లోపల ఒకటి కాలి ఇంకొకటి అవుతూ చివరకు ఇనుము మిగులుతుంది. ఇనుము వేడినివ్వదు. అప్పుడు బరువే గెలుస్తుంది. నడిబొడ్డు రెప్పపాటులో కూలిపోతుంది, పైనున్నదంతా పేలి చెల్లాచెదురవుతుంది. ఆ కొద్దిరోజులు ఆ ఒక్క చుక్క కోట్ల చుక్కలంత వెలుగుతుంది. తర్వాత మిగిలేది కంటికి ఆనని ఒక చిన్న ముద్ద, ఒక్కోసారి అదీ ఉండదు. నక్షత్రం చావు అంటే అది. నా ఉద్యోగకాలంలో చాలావరకు నాకది సరిగా తెలియదు. తెలియదన్న సంగతి కూడా తెలియదు.

కరీం సాబ్ ఒకసారి నాతో అన్నాడు: ‘మాస్టర్, తెల్వకుంటే తెల్వదని చెప్పండి. షరం లేదు. తెలిసినప్పుడు గూడ జర ఆగండి. కితాబు రాసింది గూడ మనిషే.’

మొదటి సగం వెంటనే ఒంటపట్టింది. రెండో సగం పెద్దమనిషి చాదస్తం అనుకున్నాను.

గద్వాలలో కొత్తచుక్క

గద్వాలకు వచ్చేసరికి యుద్ధం నడుస్తోంది. నేత వీధిలో ఒక గది తీసుకున్నాను. ఆ వీధిలో అందరికంటే ముందు లేచేది పడుగు. తెల్లవారకముందే వీధి పొడుగునా నూలు దారాలు చాపి, గంజి పట్టించి, కుంచెతో దువ్వుతారు. ఎండ ఎక్కితే దారం పెళుసై తెగుతుంది కాబట్టి ఆ పని చీకటితోనే మొదలుకావాలి. నాకూ త్వరగా లేచే అలవాటు. చెంబు పట్టుకుని అరుగు మీద కూర్చుని వాళ్లతో మాట్లాడుతుండేవాణ్ణి.

ఎదురింటి ఈరన్న చీరలు నేసేవాడు. ఒళ్లంతా నూలు, కొంగూ అంచూ పట్టు. ఆ రెండింటి అతుకు ఎక్కడుందో నాకు వేలితో తడిమినా తెలిసేది కాదు. ఆయన చీకట్లో కూడా తెగిన దారం చూసి ముడివేసేవాడు. అవి అటువంటి కళ్లు. భార్య సవారమ్మ. అంతకుముందు పుట్టిన పిల్లలెవరూ వాళ్లకు నిలవలేదు. ఆమె మళ్లీ నిండు నెలలతో ఉంది. ఈసారన్నా దక్కాలని వీధి వీధంతా మొక్కుకుంది.

చలి మొదలైన రోజుల్లో ఒక తెల్లవారుజామున ఈరన్న కుంచె ఆపి దక్షిణం వైపు చూశాడు.

‘సారూ, గా చుక్క ఏంది? నిన్న లేకుండె.’

అగస్త్య నక్షత్రానికి ఎడమగా, దానికంటే బాగా పైన, ఒక పెద్ద చుక్క వెలుగుతోంది. ఇలా కొత్తగా కనిపించే చుక్కల గురించి పుస్తకంలో చదివాను కానీ కంటితో చూస్తాననుకోలేదు. పడుగు పట్టుకున్నవాళ్లంతా తలలెత్తి నిలబడ్డారు. అప్పుడే ఈరన్న ఇంట్లోంచి మంత్రసాని బయటికి వచ్చి, ‘మగపిల్లగాడు’ అని చెప్పింది.

ఆ రోజు పొద్దెక్కాక ఈరన్న పంచాంగం చెప్పే శేషయ్యగారి దగ్గరికి పోయాడు. శేషయ్యగారు మంచి బ్రాహ్మడు. పంచాంగమంతా తిరగేసి అన్నాడట: ‘ఈ చుక్క శాస్త్రంలో లేదు నాయనా. మూలా నక్షత్రంలో పుడితే శాంతి ఉంది. నూనెలో పిల్లవాడి నీడ చూపించి, ఆ తర్వాత ముఖం చూడమంటాను. పేరే లేని చుక్కకు ఏ శాంతి అని చేయించను? చేయిస్తే నిన్ను మోసం చేసినట్టు.’

అక్కడి నుంచి ఈరన్న నా దగ్గరికి వచ్చాడు. బడి వరండాలో నిలబడి అడిగాడు.

‘సారూ, అయ్యగారికి తెల్వదంట. నీకు తెలుసా గదేందో?’

తెలుసునన్నాను. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు, ఇంటి మాటల్లో, బాగా అర్థమయ్యేటట్టు చెప్పాను. ‘అది కొత్తగ పుట్టిన చుక్క కాదు ఈరన్నా. ఎప్పటినుంచో ఉన్నదే, చిన్నగ ఉండె, కంటికి ఆనకుండె. ఇప్పుడు పేలి సచ్చిపోతుంది. అందుకే గంత వెలుగు. కొన్ని దినాలల్ల ఆరిపోతది. భయపడేది ఏం లేదు.’

ఆయన వరండాలోంచి దక్షిణం వైపు తొంగి చూశాడు.

‘సచ్చిపోతుందా?’

‘అవ్.’

‘అయితె నేను సావు చూసిన. అందరికన్న ముందుగాల నేనే చూసిన.’

చావింటికి పోయి వచ్చినవాడు బాలింత ఇంట్లో అడుగు పెట్టడు, పసిబిడ్డను చూడడు. మైల తీరాలి. ఆ వీధిలో అది ఎవరూ ఎవరికీ నేర్పనక్కర్లేని విషయం. మా ఊళ్లోనూ అంతే. మా అమ్మ కూడా అలాగే చేసేది.

‘మనిషి సస్తే ఇన్ని దినాలని ఉంది. దీనికి ఎన్ని దినాలు సారూ?’ అన్నాడు.

‘అది చుక్క ఈరన్నా, దానికి మైల ఏంది?’

‘సావుకు మైల ఉండదా?’

ఎంత చెప్పినా ఆయన అక్కడే నిలబడ్డాడు. చివరకు నేనే, ‘ఆరిపోతది, ఎన్నో దినాలు పట్టదు’ అన్నాను. ఆయన ముఖం కొంచెం తేలికపడింది. ‘అయితె ఆరినంక చూస్త. పోయిన పిల్లలు నా కండ్ల ముందర్నే పోయిండ్రు. వీనికి నా చూపు తగలొద్దు’ అన్నాడు.

నేను తప్పు చెప్పానా? అప్పటికి అందరికీ తెలిసింది అంతే. తప్పయితే బాగుండేది, దిద్దుకునేవాణ్ణి. ఆ పొద్దు ఈరన్నకు దొరికిన ఇద్దరమూ నిజాయితీపరులమే. అబద్ధం చెప్పేవాడు మూడోవాడు ఒకడు ఉండి ఉంటే, ఆ తండ్రి కొడుకు ముఖం చూసేవాడు.

చీర తెర

మగ్గం ముందరి గదిలో, తల్లీబిడ్డా వెనక గదిలో. మధ్యలో ఒక పాత చీర కట్టారు. పిల్లవాడు ఏడిస్తే ఈరన్న మగ్గం ఆపేవాడు. ఊరుకుంటే మళ్లీ ఆడించేవాడు. ‘గొంతు గట్టిగున్నది సారూ, నిలుస్తడు’ అని నాతో అన్నాడు. తండ్రి చూడకుండా పేరు పెట్టడం ఎట్లా అని ఇరవయ్యొకటో రోజు చేసే తొట్టెల పండుగ కూడా ఆపారు. చుక్క ఆరాక చూడటం, పేరు పెట్టడం రెండూ కలిపి చేద్దామనుకున్నారు.

ప్రతి తెల్లవారుజామునా పడుగు దగ్గర అందరం పైకి చూసేవాళ్లం. చుక్క నిజంగానే తగ్గుతూ వచ్చింది. మొదట అగస్త్యుడితో సమానం, తర్వాత మామూలు చుక్క, తర్వాత వెతుక్కుంటే తప్ప దొరకనిది. ‘తగ్గుతుంది సారూ’ అని ఈరన్న సంబరపడేవాడు. నేనూ సంబరపడ్డాను. పుస్తకం చెప్పినట్టే జరుగుతోంది కదా.

ఒక ఉదయం నాకు అది కనిపించలేదు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. లేదు. వీధిలో మిగతావాళ్లకూ కనిపించలేదు.

‘పోయింది ఈరన్నా. ఇంట్లకు పో, కొడుకును చూసుకో.’

ఆయన కళ్లు చిట్లించి చూశాడు. ‘ఉన్నది సారూ. సన్నగ, నూలు పోగు లెక్క.’

‘మాకెవ్వరికి కనపడత లేదు గదనే.’

‘నాకు కనపడ్తుంది. ఉన్నదాన్ని లేదని ఎట్లంటా?’

నేనే ఆ పిల్లవాణ్ణి తెర ఇవతలికి తెచ్చి ఆయన చేతుల్లో పెట్టవచ్చు కదా అని మీరు అడగవచ్చు. సవారమ్మ ఆ పని చేయబోయింది. ఆయన గోడవైపు తిరిగి రెండు చేతులతో కళ్లు మూసుకున్నాడట. ఆ తర్వాత ఆమె మళ్లీ ప్రయత్నించలేదు.

చలి ముదిరింది. పిల్లవాడికి దగ్గు పట్టుకుంది, ఆ వెనకే జ్వరం. దవాఖానకు పోతున్నప్పుడు నేనూ వెంట ఉన్నాను. సవారమ్మ బిడ్డను కొంగులో చుట్టుకుని నడుస్తోంది. ఈరన్న ముందు నడుస్తున్నాడు. బిడ్డ దగ్గినప్పుడల్లా ఆయన ఆగేవాడు, వెనక్కి మాత్రం తిరిగేవాడు కాదు. అంత నిస్సహాయమైన వీపును నేను మళ్లీ చూడలేదు. డాక్టరు సీసాలో మందు కలిపి ఇచ్చి, వెచ్చగా ఉంచమన్నాడు. వెచ్చగానే ఉంచారు.

అర్ధరాత్రి దాటాక సవారమ్మ ఏడుపు వినిపించింది. ఆ రోజు వీధిలో పడుగు చాపలేదు.

పసిబిడ్డను తండ్రే చేతుల మీద తీసుకుపోవాలి. పాత గుడ్డలో చుట్టి, ముఖం కప్పి, తెర సందులోంచి ఆయన చేతుల్లో పెట్టారు. ఇంకా వెలుగు రాలేదు. వీధి మధ్యలో నిలబడి ఆయన నన్ను అడిగాడు.

‘సారూ, ఇప్పుడు చూడొచ్చునా?’

‘చూడు ఈరన్నా. చుక్క ఎప్పుడో పోయింది. చూడు.’

ఆయన తలెత్తి పడమటి దిక్కు, దక్షిణం మూల చూశాడు. చాలాసేపు చూశాడు.

‘ఇంక ఉన్నది సారూ. గా మైల వానికెందుకు? పోయేటప్పుడన్న శుభ్రంగ పోనీ.’

గుడ్డ తీయకుండానే తీసుకుపోయాడు. నేను అరుగు మీద కూర్చుండిపోయాను. ఆ వారమంతా బడికి పోయాను, పాఠాలు చెప్పాను, ఏం చెప్పానో గుర్తులేదు.

చివరి మాట

తర్వాత నాకు బదిలీ అయింది. నిజాం రాజ్యం పోయింది, బడి తెలుగులోకి మారింది. చాలా ఏళ్లకు, ఉద్యోగం చివరి దశలో, హైదరాబాదులో సైన్సు పంతుళ్లకు ఎండాకాలపు శిక్షణ పెట్టారు. పేలే నక్షత్రాల గురించి చెప్పడానికి ఒక యువకుడు వచ్చాడు. పేలుళ్లు రెండు రకాలని అతడే చెప్పాడు. ఒకటి నేను పైన రాసిన నిజమైన చావు. రెండోది చావు కాదు. జంటగా తిరిగే రెండు చుక్కల్లో ఒకటి ముందే ముసలిదై, కుదించుకుపోయి ఉంటుంది. రెండోదాని వాయువు కొంచెం కొంచెంగా దాని మీద పడి పేరుకుంటుంది. పేరుకున్నది ఒకనాడు భగ్గున అంటుకుంటుంది. పైపొర ఎగిరిపోతుంది, చుక్క అలాగే ఉంటుంది.

పాఠం అయ్యాక అతడి దగ్గరికి వెళ్లి, యుద్ధం రోజుల్లో అగస్త్యుడి పైన కనిపించిన చుక్క ఏ రకమని అడిగాను.

‘రెండోదేనండీ. దానికి పేరు కూడా పెట్టారు. అది ఇప్పటికీ అక్కడే ఉంది, మన కంటికి ఆనదంతే. ఎప్పటికైనా మళ్లీ పేలవచ్చు కూడా’ అన్నాడు ఉత్సాహంగా. చురుకైన పిల్లవాడు. బాగా అర్థమయ్యేటట్టు చెప్పాడు.

పింఛను వచ్చాక ఒకసారి పనిమీద గద్వాల పోవాల్సివచ్చింది. కొత్తకోటలో బస్సు మారేటప్పుడు కూడా అనుకున్నాను, ఆ వీధికి పోకూడదని. పోయాను. ఈరన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కళ్లలో తెల్లటి పొర వచ్చింది, మగ్గం మానేశాడు. వాళ్లకు తర్వాత పిల్లలు లేరు. సవారమ్మ గడపలో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. నా గొంతు వినగానే ఆయన గుర్తుపట్టాడు. మంచిచెడ్డలు మాట్లాడుకున్నాం. నేను ఆ సంగతి ఎత్తలేదు. ఆయనే ఎత్తాడు.

‘సారూ, నాకిప్పుడు ఏ చుక్క కనపడదు. గా చుక్క ఇప్పటికన్న పూర్తిగ సచ్చిపోయిందా?’

కరీం సాబ్ మాట గుర్తొచ్చి ఆగాను. ఎంత ఆగినా తెలిసింది తప్ప నా నోట ఇంకో మాట రాలేదు. అబద్ధం చెప్పే మూడోవాడు ఆ రోజు కూడా మా మధ్య లేడు.

‘లేదు ఈరన్నా. అది సావలేదు. అప్పుడు గూడ సావలేదంట. ఊకె పైపైన మండింది, అంతే. మాకు అప్పుడు తెల్వదు.’

సవారమ్మ చేట మీద చెయ్యి ఆగింది.

‘సావలేదా?’ అన్నాడు ఈరన్న. తనలో తాను అనుకుంటున్నట్టు, ‘అయితె మైల లేకుండె. పుట్టిన దినమే చూడొచ్చుండె’ అన్నాడు.

 

ఇన్నేళ్లలో ఆ బిడ్డ ఊసు ఎత్తని సవారమ్మ, చేటలోంచి తలెత్తకుండానే అంది: ‘నీ మొకమే ఉండె వానిది. అద్దంల చూసుకున్నా వాడే కనపడుతుండె.’

ఈరన్న చెయ్యి ఎత్తి తన ముఖం తడుముకున్నాడు. నుదురు, కనుబొమ్మలు, ముక్కు, గడ్డం. మళ్లీ నుదుటి నుంచి మొదలుపెట్టాడు. నేను బస్సుకు టైమైందని చెప్పి లేచాను. ఆయనకు వినిపించినట్టు లేదు.